ఒలకలేదు

షంషాద్ మాట పడే రకం కాదు. ఎడ్లపాడు దగ్గర కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళ ముఠాకి ఆమె మేస్త్రి. పొద్దున్నే నరసరావుపేటలో భర్త అబ్దుల్ గఫార్ ఆటోలో ముఠాని కుక్కి తీసుకుపోతుంది, సాయంత్రం మళ్ళీ కుక్కి తీసుకొస్తుంది. గుమస్తా తూకం దగ్గర వేషాలేసినా, హమాలీలెవరైనా ముఠాలో ఆడపిల్ల మీద పిచ్చి జోకు వేసినా ఆమె నోరు లేచేది. లేచిందంటే షెడ్డు రేకులు అదరాల్సిందే. అలాంటి మనిషికి ప్రాణం మీదికి వస్తే ఏం చేసేదో గానీ, వచ్చింది కంటి మీదికి.

తొడిమలు తీయడం చేతులతో చేసే పని అనుకుంటారు ఎరగనివాళ్ళు. అది కళ్ళతో చేసే పని. తాలుకాయ ఏదో, మచ్చకాయ ఏదో, నిఖార్సైన ఎర్రకాయ ఏదో చూపు పడీ పడగానే చెయ్యి ఏరి పారెయ్యాలి. కారం ఘాటు తగిలేదీ ఆ కళ్ళకే. మధ్యాహ్నమయ్యేసరికి కళ్ళలో నిప్పులు పోసినట్టుంటుంది, రెప్ప ఆర్పితే గరగర. దీనికి ముఠా కనిపెట్టుకున్న విరుగుడు చల్లచుక్కలు. ఆ పేరు వాళ్ళు పెట్టుకున్నదే. అట్టపెట్టె మీద ఏం రాసుందో చదివిన పాపాన ఎవరూ పోలేదు. నరసరావుపేటలో శ్రీనివాసరావు తన మందుల కొట్లో డాక్టరు చీటీ అడక్కుండా ఇచ్చేవాడు. "మా అమ్మక్కూడా ఇయ్యే వేస్తానమ్మా" అనేవాడు, పాపం నిజంగానే వేసేవాడు.

అన్నాలు తిన్నాక ఆడవాళ్ళంతా గోడవారన వరసగా వెల్లకిలా పడుకునేవారు. షంషాద్ చెయ్యి వణకదని సీసా ఆమె చేతికే ఇచ్చారు. ఆ చివర మొదలుపెట్టి ఒక్కొక్కరి కన్ను రెండు వేళ్ళతో విప్పి చుక్క వేసుకుంటూ వచ్చేది, ఆఖర్న తన కళ్ళలో తనే వేసుకునేది. "అబ్బ, ప్రాణం లేచొచ్చిందే" అనేవాళ్ళంతా. సీసా ఫలానావాళ్ళదనే మాట ముఠాలో లేదు, ఎవరు కొన్నా అందరిదే. ఒకదాంట్లో మందు అయిపోతే, ఇంకో సీసా మూతి పళ్ళతో పీకి అందులోంచి ఇందులోకి వొంపుకునేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఇదే తంతు నడిచింది.

ఇలా ఉండగా షంషాద్‌కి కుడిపక్క మనుషులు కనపడటం మానేశారు. బస్తా మోసుకొస్తున్న హమాలీ ఆరోగ్యస్వామిని తనే వెళ్ళి గుద్దుకుని, కళ్ళు నెత్తికెక్కాయా అని అతన్నే దులిపేసింది. "నేను కేకేస్తానే ఉన్నా అక్కా, నువ్వే నా మీదికొచ్చావు" అని అతను నెత్తీనోరూ కొట్టుకున్నాడు. ఆ తర్వాత ఒకరోజు గఫార్ టీ గ్లాసు అందిస్తుంటే ఆమె చెయ్యి గాల్లో తడుముకుంది. గఫార్ ఆ గ్లాసు కింద పెట్టి, ఆమె ఎంత కసురుకున్నా వినకుండా ఆటో ఎక్కించి గుంటూరు కంటాసుపత్రికి తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరు పేరు అక్షయ. షంషాద్ కంటికి ఏవేవో మిషన్లు ఆనించి చూసి, నీటికాసులు అని చెప్పింది.

"కంట్లో ఎప్పుడూ నీరు ఊరుతుంటుంది షంషాద్ గారూ. అది బయటికి పోవడానికి జల్లెడలాంటి సన్నటి దారి ఉంటుంది. మీరు వేసుకున్న చుక్కల్లో స్టెరాయిడ్ ఉంది. అది కొంతమందికి ఆ జల్లెడని పూడ్చేస్తుంది. నీరు నిలిచిపోయి, ఒత్తిడి పెరిగి, కంటి వెనక నరం చచ్చిపోతుంది. నొప్పి ఉండదు కాబట్టి తెలియదు. చూపు అంచుల నుంచి తరిగిపోతుంది. పోయిన చూపు రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి."

కుడికన్ను ఇంచుమించు పోయింది. ఎడమకంట్లో నడిమి చూపు మిగిలింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత షంషాద్ ఎంతమంది మీదనో వాడింది గానీ, అది తన కంటికే వచ్చి తగులుతుందని అనుకోలేదు. ఆ రోజు తిట్టడానికి కూడా ఆమెకి ఎవరూ దొరకలేదు. శ్రీనివాసరావుని తిట్టొచ్చు, తిట్టింది కూడా. కానీ ఇంతమంది కళ్ళు విప్పి చుక్కలు పోసిన చెయ్యి తనది. ఇంటికి వచ్చేదాకా ఆటోలో ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు షెడ్డులో చల్లచుక్కల సీసాలన్నీ ఏరి మురిక్కాలవలో పారేసింది. ముఠాని విడతలుగా గుంటూరు తీసుకుపోయి అందరి కళ్ళూ చూపించింది. కూలి పోతుందని సణిగినవాళ్ళని బూతులు తిట్టి మరీ ఆటో ఎక్కించింది. అదృష్టం, అందరికీ రాలేదు. ఆ మందు కొందరి కళ్ళనే పట్టుకుంటుందట. ముఠాలో పట్టుకున్నది ఇద్దరిని. ఒకరు షంషాద్, రెండోది ప్రేమమ్మ.

ప్రేమమ్మ షంషాద్ కంటే పదేళ్ళు పెద్దది. షంషాద్ మొట్టమొదట పనిలోకి వచ్చినప్పుడు, గోళ్ళ సందుల్లో కారం దిగి ఏడుస్తుంటే, చేతులకి ఆముదం రాసి తొడిమ విరిచే ఒడుపు నేర్పింది ఆమే. అప్పటినుంచీ ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు. రోజుకొకసారి పోట్లాడుకోకపోతే ఇద్దరికీ అన్నం సయించదు.

వాడుకలో ఉన్న చుక్కలతో షంషాద్ కంట్లో ఒత్తిడి సరిగా దిగలేదు. అప్పుడు డాక్టరు ఇంకో మాట చెప్పింది. స్టెరాయిడ్ పూడ్చేసిన ఆ జల్లెడనే తెరిచే కొత్త చుక్కల మందు ఒకటి తయారైంది, ఇంకా పరీక్షలోనే ఉంది, ఇష్టమైతే ఆ పరీక్షలో చేరొచ్చు అని. ఆ వ్యవహారాలు చూసే రాజీవ్ అనే బట్టతల పెద్దమనిషి కూర్చోబెట్టి అంతా వివరించాడు. సగం మందికి కొత్త మందు, సగం మందికి పాత మందుల్లోనే గట్టిది. సీసాలు చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. ఎవరి సీసాలో ఏముందో అతనికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు.

ఇంట్లో ఇది వినగానే గఫార్ మంచం మీంచి లేచి నిలబడ్డాడు.

"ఏందిది? డాక్టరుక్కూడా తెలవని మందు నీ కంట్లో పోస్తారా? నువ్వేమన్నా ఎలకవా?"

"ఎలకనైతే అడక్కుండా పోస్తారు. నన్ను అడిగారు," అంది షంషాద్. "చల్లచుక్కలు పోసుకునేటప్పుడు ఎవరన్నా అడిగారా? ఎవరన్నా చెప్పారా? ఇక్కడ ఏం జరగొచ్చో అంతా చదివి చెప్పారు. భయమేస్తే ఎప్పుడైనా మానెయ్యమన్నారు. నా కన్ను, నా ఇష్టం."

"కన్ను నీదే, తిప్పలు నాయి" అన్నాడు గఫార్. కానీ మర్నాడు ఆటో తనే తీశాడు.

ప్రేమమ్మ కూడా ఆ పరీక్షలో చేరతానని వచ్చింది. రాజీవ్ ఆరోగ్యం గురించి ఒక్కొక్కటీ అడుగుతూ, ఆయాసం ఉందా అన్నాడు. చలికాలం వస్తే ఆమెకి ఆయాసం తప్పదు, జాకెట్‌లో మందు పీల్చే గొట్టం పెట్టుకునే తిరుగుతుంది. అయితే కుదరదన్నాడు. ఆయాసం ఉన్నవాళ్ళకి ఆ సీసాల్లో మందు పడకపోవచ్చని డాక్టరు కూడా చెప్పి, ఊపిరికి ఇబ్బంది లేని వేరే చుక్కలు రాసిచ్చింది. అవి వేసుకుంటే ప్రేమమ్మ కళ్ళు ఎర్రబడేవి. నాలుగు రోజులు వేసి మూలన పారేసింది.

"మంచిది ఏరుకుని నీకు పోసి, తాలు నా మొహాన కొట్టారే" అంది షంషాద్‌తో. ముప్పై ఏళ్ళు మిరపకాయలు ఏరిన మనిషికి లోకం అలాగే కనపడుతుంది మరి.

కొత్త సీసా మొదలైన రెండు నెలలకి షంషాద్ ఎడమకంట్లో ఒత్తిడి దిగింది. డాక్టరు మిషను దగ్గర నుంచి తలెత్తి మొదటిసారి నవ్వింది. ఇలాగే నిలబడితే ఉన్న చూపు ఉంటుందంది. షంషాద్ ఆ రోజు పేటలో దిగి ముఠా మొత్తానికి మిరపకాయ బజ్జీలు కొనిపెట్టింది. మిగిలిన ఆ నడిమి చూపుతోనే ఆమె కాయ ఏరుతోంది, బియ్యంలో రాయి ఏరుతోంది, కొట్లో చిల్లర చూసుకుంటోంది. అదీ పోతే గఫార్ చెయ్యి పట్టుకుని నడవాలి. ఆ ఊహకే ఆమెకి ఒళ్ళు మండేది.

మధ్యాహ్నం చుక్క షెడ్డులోనే వేసుకోవాలి కాబట్టి సీసాని అన్నం సంచిలో తడిగుడ్డ చుట్టి తెచ్చేది. ఒకరోజు వేసుకుని మూత పెడుతుంటే ప్రేమమ్మ పక్కన వెల్లకిలా పడుకుంది.

"నాకూ ఒక చుక్క వెయ్యి."

"ఎవరికీ ఇయ్యొద్దన్నారక్కా. మళ్ళీ వెళ్ళినప్పుడల్లా సీసా తూకమేస్తారు."

"వెయ్యనీ తూకం. ఒక చుక్కకి ఏం మొగ్గుద్ది?"

"నీకు ఆయాసమని వొద్దన్నారు గదా."

ప్రేమమ్మ లేచి కూర్చుంది. "అన్నేళ్ళు నా కంట్లో చుక్కలు పోసిందెవరే? పోసేటప్పుడు నీ చెయ్యి ఎప్పుడన్నా ఆగిందా? ఇప్పుడు మంచి మందు దొరికేసరికి చెయ్యి బిగుసుకుపోయిందా?"

ఊరందరి నోళ్ళు మూయించే మనిషి ఆ ఒక్క మాట దగ్గర ఓడిపోయింది. ప్రేమమ్మ తల ఒళ్ళోకి తీసుకుని రెండు కళ్ళలో చెరో చుక్క వేసింది. అది మొదలు రోజూ మధ్యాహ్నం వేస్తూనే ఉంది. తప్పని తెలుసు. తెలిసీ చేసింది. ఆ చేతికి వేరే విధంగా బాకీ తీర్చుకోవడం తెలియలేదు.

రెండు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం చుక్కలు వేయించుకుని కాయల రాశి దగ్గర కూర్చున్న ప్రేమమ్మ ఉన్నట్టుండి ముందుకి వొంగిపోయింది. ఊపిరి లోపలికి పోవడం లేదు. పీల్చే గొట్టం నోట్లో పెట్టినా ఫలితం లేదు, పెదాలు నల్లబడిపోయాయి. ఆరోగ్యస్వామి ఆమెని రెండు చేతుల మీద ఎత్తి ఆటోలో పడుకోబెట్టాడు. గఫార్ చిలకలూరిపేట దాకా హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. అక్కడ ఆసుపత్రిలో ముక్కుకి పొగ మందు పెట్టి, సూది వేసి, రాత్రికి మనిషిని మనిషిని చేశారు. మిరపకాయల్లో పని చేస్తే ఆయాసం రాక ఏమవుతుందని అక్కడి డాక్టరు కేకలేశాడు.

అందరూ కారం ఘాటే అనుకున్నారు. షంషాద్ మాత్రం అనుకోలేదు. ఇన్నేళ్ళుగా కారం ఘాటు ఉంది, ఇలా పెదాలు నల్లబడింది ఎప్పుడూ లేదు. మర్నాటి నుంచి ప్రేమమ్మకి చుక్క వెయ్యనంది.

"కారానికొచ్చింది లేవే" అంది ప్రేమమ్మ.

"కారానికైతే నాకు సంతోషం. నేను మాత్రం వెయ్యను."

"నీ కన్ను కన్ను, నాది కన్ను కాదా?"

"అరుచుకో, తిట్టు, ముఠా అంతా వినేట్టు తిట్టు. వెయ్యను."

ప్రేమమ్మ ఆ రోజు రాశికి అవతలి పక్కకి పోయి కూర్చుంది. ఇద్దరూ మాట్లాడుకోకుండా వారం గడిచింది. ముఠాలో ఎవరికీ ఇది కొత్త కాదు గానీ, ఇంత కాలం సాగడం కొత్తే.

గుంటూరు వెళ్ళాల్సిన రోజు వచ్చింది. పొద్దున బయల్దేరేముందు గఫార్ ఆటో తుడుస్తూ, మొహం అటు పెట్టుకుని అన్నాడు. "ప్రేమక్కకి వేసిన సంగతి అక్కడ చెప్పమాక. నిన్ను అందులోంచి తీసి అవతల పారేస్తారు. దిగొచ్చిన ఒత్తిడి మళ్ళీ ఎక్కుద్ది. చెప్పినందువల్ల ఎవరికి లాభం?"

షంషాద్ సీసా సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కింది. ఆమె మనసులోనూ అదే మాట నడుస్తోంది మరి. ఆసుపత్రిలో ఒత్తిడి చూశారు, బాగుందన్నారు. రాజీవ్ సీసా తీసుకుని బుల్లి కాటా మీద పెట్టాడు. అంకె చూసి, సీసా తీసి, మళ్ళీ పెట్టాడు.

"చానా తగ్గిందే అక్కా. సగానికి సగం లేదు."

షంషాద్ లెక్క చూసుకుంది. తను ప్రేమమ్మకి వేసిన చుక్కలకి ఇంత తగ్గదు. సీసా చేతిలోకి తీసుకుని ఎడమకంటి దగ్గర పెట్టుకుని చూసింది. మూతి అంచు మీద పంటి గాట్లు ఉన్నాయి. పోట్లాడిన ఈ వారంలో ఏదో ఒక పూట, తను తూకం దగ్గరికి లేచి వెళ్ళినప్పుడు, ప్రేమమ్మ ముఠా అలవాటు ప్రకారం మూతి పీకి తన సీసాలోకి వొంపుకుంది. అంటే ఇవాళ కూడా వేసుకుంటోంది. ఈపాటికి వేసేసుకుని కూడా ఉంటుంది.

రాజీవ్ చెడ్డవాడు కాదు. ఆమె మొహం చూసి ఏదో అర్థం చేసుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"ఒలికిందా అక్కా? ఒలికిందంటే ఒలికిందని రాస్తా. అందరి చేతుల్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఒలుకుద్ది. కొత్త సీసా ఇస్తారు, మీరు ఇందులోనే ఉంటారు."

"ఇంకెవరి కంట్లోనన్నా వేశానంటే?"

"వాళ్ళకేమన్నా అయిందా?"

"అయింది."

"అట్టయితే పైవాళ్ళకి చెప్పాలి, ఈ సీసాలో ఉన్నది ఏ మందో గుట్టు విప్పి చూడాలి. విప్పిన తర్వాత మీరు ఇందులో ఉండటానికి లేదు." పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు. "కాసేపు అట్టా కూర్చుని ఆలోచించుకోండి. నేను టీ తాగొస్తా."

అతను వెళ్ళిపోయాడు. తెలిసే వెళ్ళాడు. షంషాద్ ఆ బల్ల మీద ఒక్కతే కూర్చుంది.

ఒలికిందనడానికి నాలుగు అక్షరాలు చాలు. ప్రేమమ్మకి ఫోను చేసి, ఆ సీసా పారబొయ్యమని తిట్టొచ్చు. తన తిట్లు ఆ మనిషి ఏనాడూ లెక్క చెయ్యలేదు, అది వేరే సంగతి. అయినా ఎలాగో పారబోయించవచ్చు. ఎడమకన్ను ఉంటుంది. గఫార్ సంతోషపడతాడు. రాజీవ్ సంతోషపడతాడు. ప్రేమమ్మకి వచ్చింది కారం ఆయాసమేనని చిలకలూరిపేట డాక్టరు మాటే నిలిచిపోతుంది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఇక్కడే షంషాద్‌కి కోపం వచ్చింది. మామూలుగా ఆమెకి మనుషుల మీద వస్తుంది, ఈసారి ఆ సుఖం మీద వచ్చింది. చల్లచుక్కలు కూడా ఇలాగే వచ్చాయి తమ దాకా. ఎక్కడో ఎవరికో కళ్ళు పోయే ఉంటాయి. చూసినవాళ్ళు కొందరికైనా తెలిసే ఉంటుంది. చెబితే ఇబ్బందని ఊరుకుని ఉంటారు. ఊరుకున్న ఆ మందు శ్రీనివాసరావు కొట్లోకి వచ్చి, అక్కడి నుంచి తన చేతిలోకి వచ్చి, తన చేతి మీదుగా ప్రేమమ్మ కంట్లోకి పోయింది. రేపు ఈ కొత్త మందు కూడా కొట్లో పెడతారు. ఊపిరి అందని మనిషెవరో కొనుక్కుంటారు. అప్పటికి ఒక షంషాద్ ఒలికిందని చెప్పి ఇంటికి పోయి ఉంటుంది.

టీ తాగి రాజీవ్ తిరిగొచ్చాడు. ఆమె ఆ సీసా అతని ముందు బల్ల మీద టక్కున పెట్టింది.

"ఒలకలేదు. డాక్టరమ్మని పిలువు."

డాక్టరు అక్షయ వచ్చి నిలబడే విన్నది. సగం కథ అయ్యేసరికి కుర్చీ లాక్కుని కూర్చుంది. విన్నాక ఆమెకీ కోపం వచ్చింది.

"ఎవ్వరికీ ఇవ్వొద్దని ప్రతిసారీ చెబుతున్నాం కదా. ఆవిడకి ఆయాసమని కూడా మీకు తెలుసు. ప్రాణం పోయి ఉంటే?"

"తెలుసు. తప్పు నాదే. వెయ్యి తిట్లు తిట్టండి, పడతా. ఎవురి దగ్గరా పడని దాన్ని, మీ దగ్గర పడతా. కానీ నా మాటొకటి వినండి. ఆమెకి మీరు వేరే చుక్కలిచ్చారు. కళ్ళు ఎర్రబడితే నాసిరకమని పారేసింది. మంచిది దాచిపెట్టి తనకి తాలు ఇచ్చారనుకుంది."

"నాసిరకం కాదు. ఆవిడ ఊపిరికి అదే మంచిది. ఎర్రబడితే వచ్చి అడగాలి. నేను చెప్పే పంపాను."

"మీరు చెప్పారు. ఆమె విన్లేదు. రెండూ నిజమే. మళ్ళీ చెప్పండి, ఆమె వినేదాకా చెప్పండి. నాకైతే అదొక్కటే కావాల."

డాక్టరు కుర్చీ ముందుకి జరుపుకుంది. కోపం దిగిన గొంతుతో అడిగింది. "చుక్క వేసిన ఎంతసేపటికి ఆయాసం వచ్చింది?"

షంషాద్ గుర్తున్నదంతా చెప్పింది. ఆ మధ్యాహ్నం షెడ్డులో ఎంత ఘాటు ఉంది, ప్రేమమ్మ ఏం తిన్నది, పెదాలు ఎప్పుడు నల్లబడ్డాయి, చిలకలూరిపేటలో ఏం సూది వేశారు. రాజీవ్ తల దించుకుని రాసుకుంటున్నాడు.

"నా సీసాలో ఉన్నది కొత్తదా, పాతదా?" అని అడిగింది షంషాద్.

"నాకూ తెలియదు. పాతదైతే ఆయాసం వస్తుందని మాకు ముందే తెలుసు. కొత్తదైతే అది ఇప్పటిదాకా ఎవరికీ తెలియని విషయం. ఏదైనా పైకి ఇవాళే పంపాలి." డాక్టరు కేసు కాగితాలు దగ్గరికి లాక్కుంది. "షంషాద్ గారూ, ఇక ఈ పరీక్షలో మిమ్మల్ని ఉంచలేను. నా చేతుల్లో లేదు. మీకు మళ్ళీ మొదట్లో వాడిన చుక్కలే. ఒత్తిడి దిగకపోతే ఆపరేషన్ చెయ్యాలి. మీకు ఉన్నది కొంచెం చూపే. ఆపరేషన్‌లో అది కూడా పోయే ప్రమాదం కొంత ఉంది. దాచకుండా చెబుతున్నాను."

"దాచలేదు గదా, అది చాలు" అంది షంషాద్. దుపట్టా అంచుతో కుడికన్ను తుడుచుకుంది. చూపు పోయిన కన్నయినా ఏడవడం మానలేదు. "కొయ్యాల్సొస్తే కొయ్యండి. భయం లేదని అబద్ధం ఆడను. చానా భయంగా ఉంది. అయినా కొయ్యండి. రేపు ప్రేమక్కని తీసుకొస్తా, ముందు ఆమెని చూడండి."

"వస్తారా ఆవిడ?"

"రాకపోతే దాని సంగతి నేను చూసుకుంటా."

బయట ఆటో దగ్గర గఫార్ ఆమె మొహం చూడగానే అడగడం మానేశాడు. "చెప్పేశావా?" అని మాత్రం అన్నాడు. ఆమె తలూపింది. అతను ఆటోకి ఆనుకుని, రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. కాసేపటికి, "నిన్ను కట్టుకున్న రోజే తెలుసు నాకు" అన్నాడు. అది తిట్టో మెచ్చుకోలో అడిగే ఓపిక ఆమెకి లేదు. ఫోను తీసి ఎడమకంటికి దగ్గరగా పెట్టుకుని ప్రేమమ్మ పేరు వెతికి నొక్కింది. వారం తర్వాత మొదటి మాట.

"అక్కా, నా సీసాలోంచి వొంపుకున్నది పారబొయ్యి."

అవతల షెడ్డులో కాయలు దొర్లించే మోత వినపడుతోంది.

"నేనేం వొంపుకోలే."

"మూతి మీద నీ పంటి గాట్లు చూశా. వేసుకున్నావా ఇయాళ?"

"... ఇంకా ఏసుకోలే. అన్నాలప్పుడు ఏసుకుందామని."

"పారబొయ్యి. ఆరోగ్యస్వామికి ఫోనియ్యి, అతని ముందు పారబొయ్యి. నేను ఇక్కడ అంతా చెప్పేశా."

"ఏం చెప్పావే?"

"నీ కంట్లో వేశానని. నీకు ఊపిరాడలేదని. అన్నీ."

"నీకేమన్నా పిచ్చా!" ప్రేమమ్మ అరుపుకి ఫోను దూరం పెట్టాల్సి వచ్చింది. "నిన్నెవరు చెప్పమన్నారే? నిన్ను తీసేస్తారు గదే! నీ కన్ను?"

"తీసేశారు. పాత చుక్కలంట. కాకపోతే కోస్తారంట."

ప్రేమమ్మ తిట్టడం మొదలుపెట్టింది. షంషాద్‌ని, ఆమె అమ్మనీ అబ్బనీ, డాక్టర్లనీ, మిరపకాయల్నీ, అందరినీ కలిపి తిట్టింది. తిట్టి తిట్టి గొంతు జీరపోయి, ఏడ్చింది. "నా కోసం ఉన్న ఆ ఒక్క కన్నూ పోగొట్టుకుంటావే మొండిముండా. నా పాపం నువ్వెందుకు మొయ్యాలే?"

"ఇంకా పోలేదు. ఏడవమాక, ఆయాసమొచ్చుద్ది. రేపు పొద్దున్నే నువ్వు నాతో వస్తున్నావు."

"నేను రాను. ఏ మొహం పెట్టుకుని వచ్చేది?"

"ఉన్న మొహమే పెట్టుకుని రా. చూడు ప్రేమక్కా, నాకు కనపడితే నీ జుట్టు పట్టుకుని లాక్కుపోతా. కనపడకపోతే నీ కొంగు పట్టుకుని నీ వెనకే తిరుగుతా. ఎట్టాగైనా నిన్ను వదలను. ఏది కావాలో నువ్వే తేల్చుకో."

అవతల ముక్కు చీదుకున్న చప్పుడు. ఎవరో ఏమైందని అడుగుతున్నారు, ప్రేమమ్మ వాళ్ళని కసురుకుంటోంది. తర్వాత చాలాసేపు ఊపిరి మాత్రమే వినపడింది. షంషాద్ ఆ ఊపిరిని జాగ్రత్తగా విన్నది. ఏడ్చిన ఊపిరే, పిల్లికూతలు లేవు.

"ఆరోగ్యస్వామి వచ్చాడు" అంది ప్రేమమ్మ చివరికి. "పారబోశా. చూశాడు."

"సరే."

"ఏమేయ్."

"ఏంది?"

"పొద్దున ఎన్నింటికి బయల్దేరాల?"